ఫీజు లేని చదువుకు తొలి సెమిస్టరే పరీక్ష

అమెరికా చదువులపై అనిశ్చితి పెరిగిన కొద్దీ తెలుగు జిల్లాల తల్లిదండ్రుల చూపు జర్మనీ వైపు మళ్లుతోంది. విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలు ఇవ్వడాన్ని 2025 మే నెలాఖరున అమెరికా నిలిపివేసింది. జూన్‌లో తిరిగి మొదలుపెట్టినా, దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను తనిఖీ చేస్తామన్న షరతు జోడించింది. అంతకుముందే, 2024 జనవరిలో, విదేశీ విద్యార్థుల సంఖ్యకు కెనడా పరిమితి విధించింది. చాలా కోర్సుల్లో చేరేవారు కుటుంబసభ్యులను వెంట తీసుకెళ్లే వీలు లేకుండా బ్రిటన్ కూడా అదే నెల నుంచి నిబంధన తెచ్చింది. ఈ తరుణంలో ‘ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు’ అన్న ఒక్కమాట జర్మనీ పేరును మన పట్టణాల్లోని కన్సల్టెన్సీల బోర్డుల మీదికి ఎక్కించింది. 2023-24 శీతాకాల సెమిస్టరు నాటికే అక్కడ 49,483 మంది భారతీయులు చదువుతున్నారు. విదేశీ విద్యార్థుల్లో చైనాను దాటి మనవారే మొదటి స్థానంలో నిలిచారు.

ఈ ప్రయాణంలో వీసా ముద్ర పడిన రోజునే గట్టెక్కినట్లు భావించే అలవాటు మన ఇళ్లలో బలంగా ఉంది. బంధువుల పలకరింపులు, విమానాశ్రయంలో ఫొటోలతో ఒక అధ్యాయం ముగిసిందనుకుంటారు. నిజానికి అసలు పరీక్ష అక్కడి నుంచే ఆరంభమవుతుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు సాగే ఆ తొలి సెమిస్టరులో విద్యార్థి నిలదొక్కుకున్నాడా లేదా అన్నదానిపైనే తర్వాతి రెండేళ్ల చదువు, దాని కోసం చేసిన అప్పు ఆధారపడి ఉంటాయి. ఆ ఆరు నెలల గురించి మన దగ్గర చర్చ జరగకపోవడమే విచిత్రం.

ఉచితం వెనుక లెక్క

ఫీజు లేదన్న మాట పూర్తి అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. జర్మనీలో విద్య రాష్ట్రాల పరిధిలోని అంశం. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రం 2017-18 శీతాకాలం నుంచి ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. పేరుమోసిన మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 నుంచి మాస్టర్స్ కోర్సులకు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోల ఫీజు పెట్టింది. మిగిలిన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు బోధనా రుసుము లేకున్నా, విద్యార్థి సేవల కోసం ప్రతి సెమిస్టరుకూ కొంత చందా కట్టాల్సిందే.

అసలు భారం వేరే చోట ఉంది. వీసా కావాలంటే ఏడాది జీవనవ్యయాన్ని ముందుగానే ఒక ప్రత్యేక ఖాతాలో జమచేసి చూపాలి. విద్యార్థులు బ్లాక్డ్ అకౌంట్ అని పిలుచుకునే ఈ ఖాతాలో 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు ఉండాలన్నది నిబంధన. రూపాయల్లో పన్నెండు లక్షల చిల్లర. అది విద్యార్థి సొమ్మే అయినా ఒక్కసారిగా తీసుకోవడం కుదరదు. జర్మనీ చేరాక నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే చేతికి వస్తుంది. 2019 వేసవి వరకు ఈ నెలవారీ మొత్తం 720 యూరోలే. ఆరేళ్లు తిరగకుండానే దాదాపు నలభై శాతం పెరిగిందంటే అక్కడి ధరల పోకడ అర్థమవుతుంది.

ఈ 992 యూరోలు సరిపోతాయా అన్న ప్రశ్నకు ఏ ఊరన్నదే సమాధానం. నలుగురు కలిసి ఉండే ఫ్లాటులో ఒక గదికి దేశవ్యాప్త సగటు అద్దె 2025లో 500 యూరోల దరిదాపుల్లో ఉండగా, మ్యూనిక్‌లో 800కు చేరువైంది. తప్పనిసరి ఆరోగ్య బీమాకు నెలకు మరో 150 యూరోలు. అంటే మ్యూనిక్‌లో అద్దె, బీమా పోగా తిండికి, ప్రయాణానికి, ఫోనుకు కలిపి మిగిలేది నలభై యూరోలు. అదే కెమ్నిట్జ్, ఇల్మెనావ్, మాగ్డెబర్గ్ వంటి తూర్పు ప్రాంత పట్టణాల్లో అద్దెలు తక్కువ కాబట్టి ఆ సొమ్ముతోనే నెల గడుస్తుంది. ఈ పట్టణాల విశ్వవిద్యాలయాల్లో ఇంజినీరింగ్ చదువు ఏమీ తీసిపోదు. అయినా మన దరఖాస్తుల్లో ముందు కనిపించేది మ్యూనిక్, బెర్లిన్ పేర్లే. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి తెలిసిన ఊరి పేరు కావాలి కాబోలు.

మొదటి నెల ఖర్చు మరో ఎత్తు. చట్టప్రకారం ఇంటి యజమాని మూడు నెలల అద్దె వరకు అడ్వాన్సు అడగవచ్చు. ఖాళీ గది దొరికితే మంచం, పరుపు, చలికోట్లు, వంటపాత్రలు అన్నీ కొనాల్సిందే. బ్లాక్డ్ అకౌంటు నుంచి తొలి చెల్లింపు రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అందుచేత ఆ పన్నెండు లక్షలకు అదనంగా కనీసం రెండు వేల యూరోలు చేతిలో పెట్టి పంపగలిగిన కుటుంబమే ఈ దారి పట్టడం మేలు. అప్పు లెక్క వేసేటప్పుడే ఈ మొత్తాన్ని కలుపుకోవాలి. తర్వాత చూసుకుందామంటే, ఆ తర్వాత అన్నది నవంబరు చలిలో పరాయి ఊరిలో ఎదురవుతుంది.

గది దొరికితేనే గుర్తింపు

జర్మనీలో కొత్తగా దిగిన విద్యార్థికి కాగితాలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా పురపాలక కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. ఆ నమోదు జరిగితేనే పన్ను గుర్తింపు సంఖ్య తపాలాలో వస్తుంది. పార్ట్‌టైమ్ పనికి వెళితే యజమాని ముందుగా అడిగేది ఆ సంఖ్యనే. చాలా బ్యాంకులు ఖాతా తెరవాలన్నా చిరునామా నమోదు పత్రం చూపమంటాయి. బ్యాంకు ఖాతా లేకుంటే బ్లాక్డ్ అకౌంటు సొమ్ము జమయ్యే చోటే ఉండదు. కొన్ని నెలలకే చెల్లే ప్రవేశ వీసాను నివాస అనుమతిగా మార్చుకోవాలన్నా విదేశీయుల కార్యాలయం మొదట అడిగేది ఆ చిరునామానే. గొలుసులో మొదటి లంకె అయిన గది దొరక్కపోతే మిగిలినవన్నీ నిలిచిపోతాయన్నమాట.

ఆ గదే అన్నింటికన్నా కష్టం. విద్యార్థి సేవాసంస్థల వసతి గృహాలు అక్కడి విద్యార్థుల్లో పది మందిలో ఒకరికి మాత్రమే సరిపోతాయి. పెద్ద నగరాల్లో వాటి నిరీక్షణ జాబితా సెమిస్టర్ల తరబడి సాగుతుంది. ప్రైవేటు గదుల కోసం ప్రకటనకర్తలకు జర్మన్‌లో ఉత్తరం రాసి, తర్వాత ఇప్పటికే ఆ ఫ్లాటులో ఉంటున్నవారి ఎదుట ఒక రకమైన ముఖాముఖికి కూర్చోవాలి. వంట ఎలా చేస్తారు, శుభ్రత ఎవరి వంతు, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు వంటి ప్రశ్నలుంటాయి. ప్రకటనల్లో ‘చల్లని అద్దె’, ‘వెచ్చని అద్దె’ అని రెండు మాటలు కనిపిస్తాయి. నీటి ఖర్చు, గదిని వేడిచేసే ఖర్చు కలపనిది మొదటిది, కలిపినది రెండోది. మొదటి సంఖ్య చూసి మురిసిపోయినవారు ఒప్పందం రోజున కంగుతింటారు.

ఈ కొరతనే మోసగాళ్లు వాడుకుంటున్నారు. అందమైన గది, నమ్మశక్యం కానంత తక్కువ అద్దె, యజమాని వేరే దేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళంచెవి తపాలాలో వస్తుంది అన్న కథ ఏళ్ల తరబడి ఒకే తీరుగా నడుస్తోంది. గది చూడకుండా, ఒప్పంద పత్రం చేతికి రాకుండా డబ్బు పంపకూడదన్న సూత్రం మన ఊళ్లో స్థలం కొనేటప్పుడు అందరికీ తెలుసు. అదే జాగ్రత్త అక్కడా పనికొస్తుంది.

మరో ప్రమాదం మనవాళ్ల మంచితనంలోనే ఉంది. సీనియర్ల గదిలో ఇద్దరు ఉండాల్సిన చోట ఐదుగురు సర్దుకోవడం మామూలే. తల దాచుకోవడానికి అది దేవుడిచ్చిన నీడే. కానీ ఆ చిరునామాలో అందరి పేర్లూ నమోదు చేయడానికి యజమాని ఒప్పుకోడు. పేరు నమోదు కాకుంటే కాగితాల గొలుసు కదలదు. పైగా జర్మనీలో ప్రభుత్వ వ్యవహారం చాలావరకు ఇంకా తపాలా ఉత్తరాల మీదే నడుస్తోంది. ఉత్తరాల పెట్టె మీద ఇంటిపేరు అంటించి లేకపోతే తపాలా ఉద్యోగి ఉత్తరాన్ని వెనక్కు పంపేస్తాడు. బీమా కార్డు, బ్యాంకు రహస్య సంఖ్య, విదేశీయుల కార్యాలయం పిలుపు అలా తిరిగిపోయాయంటే తప్పు ఎవరిదని వాదించి ప్రయోజనం లేదు. వచ్చిన ఉత్తరాల్లో ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల చొప్పున ప్రసార రుసుము కట్టమనేది ఒకటి ఉంటుంది. ఇంట్లో టీవీ లేదు కదా అని చించి పారేసేవారున్నారు. టీవీతో దానికి నిమిత్తం లేదు. ఫ్లాటుకు ఒకరు కడితే చాలు, కట్టకపోతే మాత్రం వసూలు నోటీసులు వస్తాయి.

హాజరు అడగరు, ఫెయిలైతే వదలరు

చదువు తీరులో తేడాను మన విద్యార్థులు ఆలస్యంగా గుర్తిస్తారు. ఇక్కడ ఇంజినీరింగ్ కళాశాలల్లో మిడ్ పరీక్షలు, అంతర్గత మార్కులు, డెబ్బై ఐదు శాతం హాజరు, తప్పితే సప్లిమెంటరీ అన్న పద్ధతికి అలవాటు పడి ఉంటారు. అక్కడ చాలా పాఠాలకు హాజరు పిలవరు. ప్రొఫెసర్ గద్దించడు, ఇంటికి ఫోను వెళ్లదు. అక్టోబరు నడుమ నుంచి ఫిబ్రవరి దాకా బోధన సాగి, చివర జరిగే ఒకే పరీక్షపై మొత్తం గ్రేడు ఆధారపడే సబ్జెక్టులే ఎక్కువ. గ్రేడ్లు కూడా తలకిందులుగా ఉంటాయి. 1.0 అత్యుత్తమం, 4.0 ఉత్తీర్ణతకు చివరి గీత, 5.0 అంటే తప్పినట్లు.

ఒక సెమిస్టరుకు సాధారణంగా 30 క్రెడిట్లు. క్రెడిట్ ఒక్కింటికి 25 నుంచి 30 గంటల శ్రమ అన్నది లెక్క. అంటే ఆరు నెలల్లో ఎంతలేదన్నా 750 గంటలు. అందులో తరగతిలో కూర్చునేది కొంతే, మిగిలినదంతా సొంతంగా చదవాల్సినది. ఆ గంటలు ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి లేవనుకోవడమే తొలి పొరపాటు. పరీక్ష రాయాలంటే గడువులోగా ఆన్‌లైన్‌లో విడిగా పేరు నమోదు చేసుకోవాలి. కోర్సులో చేరితే హాల్‌టికెట్ అదే వస్తుందన్న నమ్మకంతో గడువు దాటబెట్టుకున్నవారు ఆ పరీక్షను తర్వాతి అవకాశం దాకా వదులుకోవాల్సిందే.

అన్నింటికన్నా కఠినమైనది ప్రయత్నాల పరిమితి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక తప్పనిసరి సబ్జెక్టుకు మూడు అవకాశాలే ఉంటాయి. మూడోసారీ తప్పితే కోర్సు నుంచి తొలగిస్తారు. అదే కోర్సులో దేశంలోని మరో విశ్వవిద్యాలయంలో చేరడం కూడా సాధారణంగా సాధ్యపడదు. చదువు ఆగితే నివాస అనుమతికి ఆధారమూ పోతుంది. బ్యాక్‌లాగులు పేరుకున్నా చివరి ఏడాదిలో అన్నీ గట్టెక్కించే మన నేర్పు అక్కడ పారదు.

తరగతి గదిలో చిన్న చిన్న వింతలు లేకపోలేదు. పాఠం పది గంటలకని రాసి పక్కన రెండు పొడి అక్షరాలుంటే పదీ పావుకు మొదలవుతుందని అర్థం. ఆ అక్షరాలు లేని సమావేశానికి మాత్రం పదికి ఒక్క నిమిషం ఆలస్యమైనా మర్యాదగా ఉండదు. పాఠం ముగిశాక చప్పట్లు కొట్టరు, పిడికిలితో బల్ల మీద తడతారు. మొదటిరోజు అది నిరసన అనుకుని మనవాళ్లు బిత్తరపోవడం సహజమే.

పని ఊరిస్తుంది

విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చని 2024 మార్చి నుంచి అమలులోకి వచ్చిన నిబంధన చెబుతోంది. అంతకుముందు పరిమితి 120 రోజులే. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. వారానికి ఇరవై గంటలు చేస్తే నెలకు 1,200 యూరోల వరకు సంపాదన. ఇంటి దగ్గర అప్పు వడ్డీ నడుస్తుండగా లక్ష రూపాయలు దాటే ఈ సంఖ్య కళ్లు చెదిరేలా చేస్తుంది. గిడ్డంగుల్లో పెట్టెలు ఎత్తడం, సైకిల్‌పై భోజనం చేరవేయడం వంటి పనులకు జర్మన్ అంతగా అక్కర్లేదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు ఉదయం తరగతి మానేస్తాడు. హాజరు అడిగేవారు లేరు. ఫిబ్రవరి వచ్చేసరికి గాని దాని ఖరీదు తెలియదు.

ఈ విషయంలో తల్లిదండ్రులదీ బాధ్యత ఉంది. నవంబరులోనే ‘పని దొరికిందా’ అని అడగడం, పక్కింటి అబ్బాయి డబ్బు పంపుతున్నాడని చెప్పడం పిల్లలను గిడ్డంగి వైపు నెట్టడమే. తొలి సెమిస్టరులో ఒక్క యూరో కూడా ఆశించకుండా ఏడాది ఖర్చు సమకూర్చుకుని పంపడం, ఆ ఖాళీ గంటలను భాషకు, చదువుకు వదలడం లాభసాటి బేరం. విశ్వవిద్యాలయంలోనే పరిశోధన సహాయకుడిగా లేదా కంపెనీలో చదువుకు సంబంధించిన పని రెండో, మూడో సెమిస్టరులో దొరికే అవకాశం తొలి గ్రేడ్లను బట్టి, జర్మన్ పలుకుబడిని బట్టి ఉంటుంది.

తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పొందినవారికి ఈ సెమిస్టరు మరో విధంగానూ కీలకం. 20 లక్షల రూపాయల సాయంలో తొలి విడత విద్యార్థి ఆ దేశం చేరినట్లు ఆధారాలు సమర్పించాక, రెండో విడత తొలి సెమిస్టరు ఫలితాలు చూపాక విడుదల చేయాలన్నది పథకం స్వరూపం. జర్మనీలో ఫిబ్రవరి, మార్చి పరీక్షల ఫలితాలు వెలువడేసరికి వేసవి సెమిస్టరు మొదలైపోతుంది. అందులో ఒక సబ్జెక్టు తప్పినా, ఇక్కడి కార్యాలయంలో దస్త్రం కదలడం ఆలస్యమైనా, నడుమ నెలలకు సొంత ఏర్పాటు ఉండాలి. పేద కుటుంబాల పిల్లలకు ఇది చిన్న సమస్య కాదు. ఫలితాల కోసం ఆగకుండా తరగతుల నమోదు పత్రం ఆధారంగానే రెండో విడత ఇచ్చే విషయాన్ని ప్రభుత్వం పరిశీలించడం సమంజసం.

నాలుగింటికే చీకటి

అక్టోబరు చివరి ఆదివారం జర్మనీ గడియారాలను గంట వెనక్కు తిప్పుతారు. ఇక్కడికీ అక్కడికీ మూడున్నర గంటల తేడా కాస్తా నాలుగున్నర అవుతుంది. డిసెంబరులో బెర్లిన్‌లో ఉదయం ఎనిమిది దాటాక తెల్లవారి, సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. సంవత్సరమంతా ఎండలో పెరిగిన మన పిల్లలకు ఈ చీకటి మొదట వింతగా, తర్వాత దిగులుగా ఉంటుంది. ఆదివారం దుకాణాలన్నీ మూత. రైల్వే స్టేషన్లలో, పెట్రోలు బంకుల్లో తప్ప పెరుగు ప్యాకెట్ కూడా దొరకదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేయకూడదు. మన పోపు ఘాటుకు పొగను పసిగట్టే యంత్రం మోగి వసతి గృహమంతా బయటికి వస్తే ఆ రోజు పడే నామోషీ అంతా ఇంతా కాదు.

దిగులును బద్ధకమనో, ఇంటి మీద బెంగనో కొట్టిపారేయడం మనకు అలవాటు. విశ్వవిద్యాలయ పట్టణాల్లోని విద్యార్థి సేవాసంస్థలు మానసిక సలహా అందిస్తాయి. అందుకు చాలాచోట్ల రుసుము ఉండదు, చాలాచోట్ల ఇంగ్లిష్‌లోనూ మాట్లాడవచ్చు. వైద్యుని సాయం కావలసివస్తే కట్టిన బీమా ఉండనే ఉంది. మనవాళ్లు ఆ తలుపు తట్టడానికి సంకోచిస్తున్నారు. ఫోనులో ‘బాగున్నా’ అన్న మాట వినగానే తల్లిదండ్రులు తృప్తి పడకుండా, తింటున్నదేమిటి, నిద్ర ఎన్ని గంటలు, వారంలో ఎన్నిసార్లు బయటికి వెళ్లావు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

తెలుగు స్నేహబృందాల పాత్ర రెండంచుల కత్తి వంటిది. విమానాశ్రయం నుంచి తీసుకెళ్లేది, మొదటి ముద్ద అన్నం పెట్టేది వారే. వారు లేకుంటే చాలామంది మొదటి నెలలోనే బెంబేలెత్తేవారు. అయితే వంట, సినిమా, చదువు, పని అన్నీ తెలుగు గదిలోనే గడిస్తే రెండేళ్ల తర్వాత కూడా జర్మన్ నోట రాదు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా కార్యాలయాల భాష జర్మనే. ఉద్యోగ ముఖాముఖిలో అది మరింత తెలుస్తుంది. మధ్యాహ్న భోజనం మెన్సాలో, అంటే విశ్వవిద్యాలయ భోజనశాలలో, తరగతి మిత్రులతో చేయడం చిన్న విషయంగా కనిపిస్తుంది. శాకాహారమూ దొరికే ఆ బల్ల దగ్గరే పరీక్షల పాత ప్రశ్నలు, ఖాళీ గదుల కబుర్లు, పని అవకాశాలు తెలుస్తాయి.

విమానం ఎక్కించేవరకే

జిల్లా కేంద్రాల్లోని కన్సల్టెన్సీల బాధ్యత చాలావరకు విమానాశ్రయం దగ్గర ముగుస్తోంది. కొన్ని మరో అడుగు ముందుకేసి, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు రాదని భయపెట్టి, ఏటా వేల యూరోల ఫీజు ఉన్న ప్రైవేటు సంస్థల్లో చేర్పిస్తున్నాయి. ప్రైవేటు అన్నంత మాత్రాన చెడ్డదని కాదు. ఆ సంస్థ నుంచి తమకు కమీషన్ ఎంతో చెప్పకపోవడమే అభ్యంతరకరం. తరగతులు ప్రధానంగా ఆన్‌లైన్‌లో జరిగే కోర్సుకు విద్యార్థి నివాస అనుమతి దక్కదు. అది జర్మనీలో దిగాక తెలిస్తే చేయగలిగింది తక్కువ. 2022 నవంబరు నుంచి భారతీయ దరఖాస్తుదారులకు ధ్రువపత్రాల పరిశీలన సంస్థ ఏపీఎస్ తనిఖీ తప్పనిసరి అయింది. దొంగ మార్కుల జాబితాలకు దానివల్ల అడ్డుకట్ట పడవచ్చు గాని, కోర్సు ఎంపికలో జరిగే మోసాన్ని అది ఆపలేదు. ఏ కోర్సుకు ఫీజు ఎంతో, ఏ భాషలో బోధిస్తారో జర్మన్ విద్యా వినిమయ సేవాసంస్థ డాడ్ తన వెబ్‌సైటులో ఉచితంగానే ఉంచింది. కన్సల్టెన్సీకి సొమ్ము కట్టేముందు అరగంట అది చూడటం ఎవరికైనా సాధ్యమే.

ఇంజినీరింగ్ కళాశాలలు ప్రాంగణ నియామకాల శిక్షణకు వెచ్చించే కాలంలో పదోవంతు కేటాయించినా చివరి ఏడాదిలో ప్రాథమిక జర్మన్ బోధించవచ్చు. హైదరాబాద్ గోథే కేంద్రం దాకా రాలేని జిల్లా విద్యార్థికి అదే పెద్ద ఆసరా. అక్కడ ఇప్పటికే చదువుతున్న పూర్వ విద్యార్థులతో వేసవిలో ఒక పూట మాట్లాడించడానికి పెద్దగా ఖర్చు కాదు.

వచ్చే అక్టోబరుకు బయలుదేరదలచినవారు ఒక పనిని మాత్రం వాయిదా వేయకూడదు. ప్రవేశ లేఖ చేతికి రాకముందే వసతి గృహ దరఖాస్తులు స్వీకరించే పట్టణాలున్నాయి. వరుసలో పేరు ముందుగా చేర్చుకున్నవారికే గది ముందు వస్తుంది. విమానం టికెట్టు ధర ఎప్పుడు తగ్గుతుందోనని రోజూ చూసేవారు, ఆ వరుసలో తమ సంఖ్య ఎంతకు చేరిందో కూడా అలాగే చూసుకుంటూ ఉండాలి.